సెమీస్ ముందు రోజు వాదనలు: మట్టి కోర్టులో ఫామ్‌ని ఎలా చూడాలి?

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో సగం మంది నాదల్ వాళ్లు, సగం మంది జకోవిచ్ వాళ్లు అని నిర్వాహకులు ముందే హెచ్చరించారు. ఫెదరర్ వాళ్లు కూడా ఉండే ఉంటారు, వెనక వరసల్లో. క్లే గురించి, అంటే మట్టి కోర్టు టెన్నిస్ గురించి, ప్రసంగం అంటే వాళ్లకి పెద్దగా ఉత్సాహం ఉండదు మరి. (నవ్వులు) కొత్తతరం వాళ్లు అల్కరాస్, సినర్ అని రెండు పార్టీలుగా విడిపోయారు. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడటం నా వల్ల కాదు, కాబట్టి అందరినీ సమానంగా నొప్పిస్తాను.

నేను ఎంచుకున్న సమయం ఒకటుంది. ఫ్రెంచ్ ఓపెన్, అంటే పారిస్‌లో రోలాండ్ గారోస్ మైదానంలో మట్టి మీద జరిగే టోర్నీ, రెండో వారం. క్వార్టర్స్ అయిపోయాయి. 128 మందితో మొదలైన డ్రాలో నలుగురు మిగిలారు. మగవాళ్ల సెమీస్ శుక్రవారం. బుధవారం రాత్రి నుంచి శుక్రవారం మధ్యాహ్నం దాకా మగవాళ్ల సింగిల్స్ ఆట లేదు, మాట మాత్రమే ఉంది. ఆ ఖాళీలో అభిమానులు మాట్లాడుకునేది ఒకటే: ఎవరు ఫామ్‌లో ఉన్నారు, ఎవరు లేరు.

ఆ వాదనలు ఎలా నడుస్తాయో మీకు తెలుసు. ఒకడు ఒక్క సెట్ కూడా ఇవ్వకుండా సెమీస్‌కి వచ్చాడనుకోండి. అతని అభిమాని అంటాడు, "చూశావా, ఎంత ఫ్రెష్‌గా ఉన్నాడో!" అవతలి పక్షం వాడు అంటాడు, "ఇప్పటిదాకా గట్టివాడు తగల్లేదు, ఒక్క దెబ్బ పడనీ, అప్పుడు చూద్దాం." ఇంకొకడు రెండు మ్యాచ్‌లు ఐదో సెట్ దాకా లాగి గెలిచి వచ్చాడనుకోండి (మగవాళ్లకి ఐదు సెట్లలో మూడు గెలవాలి). "పాపం, కాళ్లలో సత్తువ అయిపోయింది" అని ఒకరు, "రాటుదేలాడు, ఇక ఎవరూ ఆపలేరు" అని ఒకరు. ఇద్దరు ఆటగాళ్లనీ అటు ఇటు మార్చండి, ఆ డైలాగులు కూడా అటు ఇటు మారిపోతాయి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

సరే, చరిత్ర ఏమంటుందో చూద్దాం. 2020లో నాదల్ ఒక్క సెట్ ఇవ్వకుండా కప్పు ఎత్తాడు. 2025లో సినర్ ఒక్క సెట్ ఇవ్వకుండా ఫైనల్‌కి వచ్చాడు, సెమీస్‌లో జకోవిచ్‌ని కూడా వరస సెట్లలో పంపించి మరీ వచ్చాడు. ఫైనల్ ఓడిపోయాడు. 2001లో కుర్టెన్ నాలుగో రౌండ్‌లో మైకేల్ రసెల్ అనే క్వాలిఫయర్ (అర్హత పోటీలు గెలిచి వచ్చినవాడు) చేతిలో రెండు సెట్లు వెనకబడి, ఓటమికి ఒక్క పాయింట్ దూరం దాకా వెళ్లి, బతికి బయటపడ్డాడు. గెలిచాక రాకెట్‌తో మట్టి మీద పెద్ద హృదయం బొమ్మ గీశాడు. ఆ ఏడాది టైటిల్ అతనిదే. 2021లో జకోవిచ్ నాలుగో రౌండ్‌లో ముసెట్టి మీద రెండు సెట్లు వెనకబడ్డాడు, ఫైనల్లో సిట్సిపాస్ మీద కూడా రెండు సెట్లు వెనకబడ్డాడు. రెండూ గెలిచాడు.

కాబట్టి "సెట్లు ఇచ్చాడా, ఇవ్వలేదా" అన్నది ఏ వైపూ సాక్ష్యం కాదు. నిన్నటి స్కోరు నిన్నటి ప్రత్యర్థి గురించి కూడా చెబుతుంది కదా. మనం ఆ రెండో సగం చదవం. ఫామ్ అంటే ఆటగాడు సంచిలో రాకెట్లతో పాటు వేసుకుని తిరిగే వస్తువు అన్నట్టు మాట్లాడతాం. నా ఉద్దేశంలో, ముఖ్యంగా క్లే మీద, అది ఒక్కడి దగ్గర ఉండేది కాదు. ఎదురుగా ఎవడున్నాడు, ఆ రోజు మట్టి ఎలా ఉంది, బంతి ఎంత బరువెక్కింది, వీటితో కలిస్తేనే అది తయారవుతుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఇదే. మిగతావి ఉదాహరణలు.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ 2009. అప్పటికి నాదల్ పారిస్‌లో ఆడిన 31 మ్యాచ్‌లూ గెలిచాడు. వరసగా నాలుగు టైటిళ్లు. నాలుగో రౌండ్‌లో ఎదురైంది రాబిన్ సోడర్లింగ్. ఇద్దరూ అంతకు నెల ముందే రోమ్‌లో ఆడారు. స్కోరు 6-1, 6-0, నాదల్‌కి. ఆ స్కోరు చూసినవాడు ఎవడైనా పారిస్‌లో సోడర్లింగ్ మీద పందెం కాస్తాడా? మే 31న జరిగింది మీకు తెలుసు. 6-2, 6-7, 6-4, 7-6. సోడర్లింగ్ గెలిచాడు.

ఆ మ్యాచ్ ఇప్పుడు మళ్లీ చూడండి, ఒక్క విషయం మీదే కన్నేసి. నాదల్ ఎడమచేతి ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్ (ముందుకి తిరుగుతూ వెళ్లి, పడగానే పైకి లేచే బంతి) కుడిచేతి వాళ్ల బ్యాక్‌హ్యాండ్ వైపు పడి భుజం మీదికి లేస్తుంది. అదే అతని అసలు ఆయుధం. ఫెదరర్‌ది ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్. భుజం ఎత్తులో ఆ బంతిని కొట్టడం నరకం. ఇద్దరూ రోలాండ్ గారోస్‌లో ఆరుసార్లు తలపడితే ఆరూ నాదల్‌వే. ఆ ఆరుసార్లూ ఫెదరర్ ఫామ్‌లో లేడా? నాలుగుసార్లు ఫైనల్ దాకా వచ్చినవాడు ఫామ్‌లో లేడంటే ఎవరు నమ్ముతారు? ఇక సోడర్లింగ్. ఎత్తు 193 సెంటీమీటర్లు, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్. మిగతావాళ్లకి భుజం మీదికి వచ్చే బంతి ఇతనికి ఛాతీ ఎత్తులో వచ్చింది. వెనక్కి జరగలేదు. అక్కడే నిలబడి, ఫ్లాట్‌గా (పెద్దగా స్పిన్ లేకుండా), తన బలమంతా పెట్టి కొట్టాడు. నాదల్ బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక్కి, ఇంకా వెనక్కి పోతున్నాడు. ఇది రోమ్‌లో ఎందుకు జరగలేదు అంటే, రోమ్‌లో ఆ బంతులు నెట్‌కీ బయటికీ పోయాయి. పారిస్‌లో లోపల పడ్డాయి. అంతే తేడా, కానీ ఆ తేడాకి దారి ముందునుంచే ఉంది. రోమ్ స్కోరు ఆ దారిని కప్పేసింది.

నాదల్ అభిమానులు ఇక్కడ చేతులెత్తుతారని తెలుసు. "మోకాళ్లు సార్, మోకాళ్లు!" నిజమే. ఆ ఏడాది మోకాళ్ల నొప్పితో వింబుల్డన్ కూడా ఆడలేదు. అంతకు ముందు మాడ్రిడ్‌లో జకోవిచ్‌తో నాలుగు గంటలు దాటిన సెమీస్ ఆడి, ఫైనల్లో ఫెదరర్ చేతిలో ఓడాడు. అలసట ఉంది, నొప్పి ఉంది. కానీ సోడర్లింగ్ అక్కడితో ఆగలేదు, ఫైనల్ దాకా వెళ్లాడు. మరుసటి ఏడాది క్వార్టర్స్‌లో ఫెదరర్‌నే ఓడించి మళ్లీ ఫైనల్‌కి వచ్చాడు. మోకాళ్ల వాదన ఒక్కటే సరిపోతే రెండో ఏడాది కథ ఉండేది కాదు. 2010 ఫైనల్లో నాదల్ అతన్ని వరస సెట్లలో ఓడించాడు లెండి, ఊరట పొందండి. (నవ్వులు)

ఇక రెండో అలవాటు. పారిస్‌కి ముందు జరిగే టోర్నీల ఫలితాలు పట్టుకుని ఫామ్ కొలవడం. మాంటె కార్లో, మాడ్రిడ్, రోమ్. పేరుకి అన్నీ క్లేనే. మాడ్రిడ్ సముద్రమట్టానికి దాదాపు 650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పల్చన, బంతి ఎగురుతుంది, పెద్ద సర్వ్ ఉన్నవాడికి పండగ. రోమ్‌లో ఆ సౌకర్యం ఉండదు. పారిస్‌లో మగవాళ్లకి ఐదు సెట్లు, రెండు వారాలు, మధ్యలో ఒక్కోరోజు విశ్రాంతి. మాడ్రిడ్ గెలిచినవాడు పారిస్ గెలుస్తాడని చెప్పడం కంటే మాడ్రిడ్‌లో ఓడినవాడు పారిస్‌లో ఓడతాడని చెప్పడం ఇంకా తప్పు.

2022 నాదల్‌ని తీసుకోండి. మాడ్రిడ్‌లో అల్కరాస్ చేతిలో ఓడాడు. రోమ్‌లో షపోవలోవ్ చేతిలో ఓడాడు, చివర్లో పాదం నొప్పితో కుంటుతూ. పారిస్‌లో పాదానికి మత్తు ఇంజెక్షన్లు వేయించుకుని ఆడాడు. ఫైనల్లో రూడ్ మీద 6-3, 6-3, 6-0. 2023లో జకోవిచ్ మాంటె కార్లోలో ముసెట్టికి, బాన్యా లూకాలో లయోవిచ్‌కి, రోమ్‌లో రూనేకి ఓడి పారిస్ వచ్చాడు. టైటిల్ పట్టుకెళ్లాడు. 2024లో అల్కరాస్‌కి కుడి ముంజేతిలో నొప్పి. మాంటె కార్లో, బార్సిలోనా, రోమ్ మూడూ వదిలేశాడు. ఆడిన ఒక్క మాడ్రిడ్‌లో క్వార్టర్స్‌లోనే రుబ్లెవ్‌కి ఓడాడు. పారిస్‌లో సెమీస్, ఫైనల్ రెండూ ఐదు సెట్ల దాకా వెళ్లి, రెండూ గెలిచి కప్పు ఎత్తాడు. వరసగా మూడేళ్లు! ప్రతి ఏడాదీ మే నెలలో ఇవే గొంతులు "ఈసారి అయిపోయింది" అన్నాయి.

అలాగని ముందు ఫలితాలకి విలువే లేదని కాదు. 2010లో నాదల్ మాంటె కార్లో, రోమ్, మాడ్రిడ్ మూడూ గెలిచి పారిస్ కూడా గెలిచాడు. ఎవరితో, ఏ వాతావరణంలో, ఎలా అన్నది చూడకుండా గెలుపు ఓటములు మాత్రం లెక్కపెడితే అవి మోసం చేస్తాయి.

వాతావరణం అన్నాను కాబట్టి కొంచెం మట్టిలోకి దిగుదాం. రోలాండ్ గారోస్ కోర్టు పైన కనిపించే ఎర్ర పొర ఇటుక పొడి. మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాని కింద తెల్ల సున్నపురాయి పొడి, ఇంకా కింద బొగ్గు కాలాక మిగిలే చిట్టెం, కంకర. టీవీలో చూస్తే అడుగు లోతు ఎర్రమట్టి ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ పల్చటి పొర ఎండకి ఆరితే బంతి చురుగ్గా లేస్తుంది, టాప్‌స్పిన్ వాడికి కలిసొస్తుంది. చలి, తేమ ఉంటే బంతి నూగు ఉబ్బి, తడి పీల్చుకుని, మట్టి అంటించుకుని బరువెక్కుతుంది. లేవదు. ఫ్లాట్‌గా, బలంగా కొట్టేవాడికి మంచిది. అదే ఆటగాడు, అదే షాట్, మధ్యాహ్నం విన్నర్ (అవతలివాడు అందుకోలేని షాట్), రాత్రికి మామూలు బంతి.

2020 గుర్తుందా? కరోనా వల్ల టోర్నీ సెప్టెంబర్ చివర్లో మొదలైంది. చలి. బంతులు కూడా కొత్త కంపెనీవి, బరువుగా ఉన్నాయని నాదలే బహిరంగంగా ఫిర్యాదు చేశాడు. రోమ్ క్వార్టర్స్‌లో ష్వార్జ్‌మన్ చేతిలో 6-2, 7-5తో ఓడి వచ్చాడు. ఫైనల్లో ఎదురుగా జకోవిచ్. ఆ ఏడాది అప్పటిదాకా జకోవిచ్‌కి ఉన్న ఒకే ఒక్క ఓటమి యూఎస్ ఓపెన్‌లో బంతి లైన్ జడ్జికి తగిలి డిస్‌క్వాలిఫై అయింది. ఆట మీద ఓటమే లేదు. చలి, బరువు బంతి, పైకప్పు మూసిన కోర్టు. నేను ఇంతసేపు చెప్పిన లెక్క ప్రకారం కూడా అన్నీ జకోవిచ్ వైపే. స్కోరు? 6-0, 6-2, 7-5, నాదల్‌కి!

"మరి మీ లెక్క ఏమైంది సార్" అని ముందు వరసలోంచి వినిపిస్తోంది. (నవ్వులు) చెప్తాను. నాదల్ ఆ చలిని ముందే ఒప్పుకున్నాడు. బంతి లేవదని తెలిశాక లేపాలని పట్టుబట్టలేదు. ఇంకా బలంగా, ఇంకా లోతుగా, ముందుకు జరిగి కొట్టాడు. జకోవిచ్ మొదటి నుంచీ డ్రాప్ షాట్ల (నెట్ దగ్గరే పడేలా మెత్తగా వేసే బంతుల) మీద ఆధారపడ్డాడు, నాదల్ వాటికి పరిగెత్తి అందుకున్నాడు. అంటే వాతావరణం ఫలానావాడికి అనుకూలం అని మనం కాగితం మీద రాస్తాం. ఆటగాడు ఆ కాగితం చదివి జవాబు రాసుకుని రావచ్చు. ఆ ఏడాది సెమీస్‌లో నాదల్‌కి ఎదురైంది కూడా ష్వార్జ్‌మనే, రోమ్‌లో ఓడించినవాడే. ఈసారి 6-3, 6-3, 7-6. చివరి టైబ్రేక్‌లో (6-6 దగ్గర సెట్ తేల్చే గేమ్‌లో) ష్వార్జ్‌మన్‌కి ఒక్క పాయింట్ కూడా రాలేదు. క్వార్టర్స్‌లో థీమ్‌తో అయిదు గంటలకి పైగా ఆడి వచ్చాడు పాపం. ఇక్కడ అలసట వాదన పనిచేస్తుంది, ఒప్పుకుంటాను.

ఆ మరుసటి ఏడాదే సెమీస్‌లో మళ్లీ నాదల్, జకోవిచ్‌లే. నాదల్ 5-0తో మొదలుపెట్టాడు. 2020 ఫైనల్ మళ్లీ వేస్తున్నారేమో అనిపించింది. జకోవిచ్ ఆ సెట్ 6-3తో పోగొట్టుకున్నా, ఆ మూడు గేముల్లో ఏదో పట్టు దొరికింది. మూడో సెట్ గంటన్నర నడిచింది. అందులో 6-5 దగ్గర నాదల్‌కి సెట్ పాయింట్ కూడా వచ్చింది. టైబ్రేక్ జకోవిచ్‌ది, నాలుగో సెట్ 6-2, మ్యాచ్ అతనిది. రాత్రి పదకొండుకి కర్ఫ్యూ ఉన్నా ప్రేక్షకుల్ని ఇళ్లకి పంపకుండా చివరిదాకా చూడనిచ్చారు. ఎనిమిది నెలల తేడాలో అదే ఇద్దరు, అదే కోర్టు. "జకోవిచ్‌కి నాదల్ మీద క్లేలో ఆట రాదు" అని 2020 అక్టోబర్‌లో తీర్పు ఇచ్చేసినవాళ్లు ఆ రాత్రి ఎక్కడున్నారో!

సరే, స్కోరు వద్దు, పాత ఫలితాలు వద్దు అంటే మరి ఏం చూడాలి? నేను చూసేవి చెప్తాను. ఇది శాస్త్రం కాదు, అలవాటు.

మొదటిది అడుగు జాడలు. క్లే చేసే మేలు ఇది, గడ్డి మీదా సిమెంటు మీదా దొరకదు. సెట్ అయిపోగానే సిబ్బంది వచ్చి వల లాంటి చాపలు లాగి కోర్టు చదును చేస్తారు, చీపురుతో లైన్లు తుడుస్తారు. వాళ్లు రాకముందు కెమెరా ఒక్కోసారి పైనుంచి కోర్టు చూపిస్తుంది. అప్పుడు బేస్‌లైన్ వెనక చూడండి. జారిన గీతలు, తిరిగిన మచ్చలు లైన్‌కి ఒక అడుగు దూరంలో ఉన్నాయా, రెండు మూడు మీటర్ల వెనక గోడ వైపు ఉన్నాయా? ప్రతి సెట్‌కీ చెరిపేస్తారు కాబట్టి ఆ జాడలు ఆ సెట్ కథే చెబుతాయి. 6-4తో సెట్ గెలిచినవాడి జాడలు వెనక్కి పోతున్నాయంటే నాకు భయం వేస్తుంది, నేను అతని అభిమానిని అయితే. ఓడినవాడివి ముందుకి వస్తుంటే ఇంకా భయం. ఇందులో ఒక మినహాయింపు: ఆడే రోజుల్లో నాదల్ సర్వ్ అందుకోవడానికి కావాలనే చాలా వెనక నిలబడేవాడు, మెద్వెదెవ్, రూడ్ లాంటివాళ్లదీ అదే పద్ధతి. అది చూసి వెనకబడ్డాడనుకోకూడదు. రిటర్న్ కొట్టాక రెండో షాట్‌కి ఎక్కడికి వచ్చాడన్నది చూడాలి.

ఇంకొకటి రెండో సర్వ్, అంటే మొదటి సర్వ్ తప్పితే కొట్టేది. క్లే మీద ఏస్‌లు (అవతలివాడి రాకెట్‌కి అందని సర్వ్‌లు) అంత తేలిగ్గా రావు, కాబట్టి అందరూ సర్వ్‌ని పక్కన పెట్టేస్తారు. కానీ ఆటగాడి టెన్షన్ మొదట బయటపడేది రెండో సర్వ్‌లోనే. 30-40 దగ్గర అది సర్వీస్ బాక్స్ మధ్యలో మెత్తగా పడుతోందా, లేక లైన్ దగ్గరికి వెళ్తోందా? మెత్తగా పడితే అవతలివాడు లోపలికి అడుగేస్తాడు, అంతే, ర్యాలీ మొదలవకముందే అయిపోయింది.

అన్‌ఫోర్స్‌డ్ ఎర్రర్ల (అవతలివాడి ఒత్తిడి లేకుండానే చేసే అనవసర తప్పుల) లెక్క మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. 2017 ఆడవాళ్ల ఫైనల్లో ఒస్తాపెంకో 54 విన్నర్లు కొట్టింది, 54 అనవసర తప్పులు చేసింది. హలెప్ మీద ఒక సెట్, 3-0 వెనక ఉండి గెలిచింది, అన్‌సీడెడ్‌గా వచ్చి కప్పు పట్టుకెళ్లింది. ఆ 54 తప్పులు చూసి ఫామ్‌లో లేదందామా?

కాళ్ల గురించి రెండు మాటలు. 2004 ఫైనల్లో కోరియా మొదటి రెండు సెట్లు 6-0, 6-3తో గెలిచాడు. అప్పుడు "కోరియా ఫామ్‌లో ఉన్నాడా" అని అడిగితే నవ్వేవాళ్లు. కాళ్లు పట్టేశాయి. ఐదో సెట్‌లో రెండు మ్యాచ్ పాయింట్లు వచ్చినా అందుకోలేక 8-6తో గాడియోకి వదిలేశాడు. 2023 సెమీస్‌లో అల్కరాస్ ఒక సెట్ గెలిచి జకోవిచ్‌తో సమంగా ఉండగా ఒళ్లంతా పట్టేసింది, తర్వాత రెండు సెట్లలో వచ్చినవి రెండే గేములు. టెన్షన్ వల్లే అలా అయిందని తనే చెప్పాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు, బోలెడు దమ్ము ఉన్నవాడు. ఇలాంటివి గురువారం రాత్రి ఎవరూ ఊహించలేరు, ఎంత చూసినా.

ఇక 2025 ఫైనల్. దీని గురించి మాట్లాడకుండా వెళ్తే మీరు వదలరు. జూన్ 8. 5 గంటల 29 నిమిషాలు, రోలాండ్ గారోస్ ఫైనల్స్‌లో అన్నిటికంటే పొడవైనది. సినర్ ఒక్క సెట్ ఇవ్వకుండా వచ్చాడని ఇందాక అన్నాను. అల్కరాస్ దారిలో నాలుగు మ్యాచ్‌లలో ఒక్కో సెట్ ఇచ్చాడు. మధ్య మధ్యలో దారి తప్పుతాడు, అది అతని అలవాటే. అల్కరాస్ వాళ్లు నెల ముందు రోమ్ ఫైనల్ గుర్తుచేశారు, అక్కడ సినర్ మీద 7-6, 6-1. సినర్ వాళ్లు "అప్పుడే మూడు నెలల నిషేధం నుంచి వచ్చాడు, అది లెక్కలోకి రాదు" అన్నారు. ఇద్దరూ తమ తమ కుందేళ్లతో వచ్చారు.

మొదటి రెండు సెట్లు సినర్‌వి. మూడోది అల్కరాస్‌ది. నాలుగో సెట్‌లో సినర్ 5-3, అల్కరాస్ సర్వ్, 0-40. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, ఒక్కటి గెలిస్తే కప్పు సినర్‌దే. ఆ క్షణంలో ఆట ఆపి ఎవరినైనా అడగండి, ఫామ్ ఎవరిది? అల్కరాస్ ఆ మూడూ కాపాడుకున్నాడు, గేమ్ నిలబెట్టుకున్నాడు, వెంటనే సినర్ సర్వ్ బ్రేక్ చేశాడు (అంటే సినర్ సర్వ్ చేసిన గేమ్ గెలిచాడు), టైబ్రేక్ గెలిచాడు. ఐదో సెట్‌లో అల్కరాస్ మ్యాచ్ కోసం సర్వ్ చేస్తుంటే సినర్ తిరిగి బ్రేక్ చేశాడు. చనిపోయాడనుకున్నవాడు లేచి కూర్చున్నాడు. చివరికి పది పాయింట్ల టైబ్రేక్, 10-2.

మొత్తం మ్యాచ్‌లో ఎవరు ఎన్ని పాయింట్లు గెలిచారో చూస్తే సినర్ 193, అల్కరాస్ 192. ఓడినవాడికి ఒక పాయింట్ ఎక్కువ! ఇలాంటి మ్యాచ్ అయ్యాక మర్నాడు "సినర్‌కి ఐదు సెట్ల దమ్ము లేదు" అని తీర్పులు వచ్చాయి. ఆ 0-40లో ఒక్క బంతి అటు పడి ఉంటే ఇదే జనం "అల్కరాస్‌కి నిలకడ లేదు" అని రాసేవాళ్లు. ఫలితం ఒక్క బంతి దూరంలో ఉన్నప్పుడు ఫలితం నుంచి ఫామ్‌ని వెనక్కి లెక్కగట్టడం న్యాయం కాదు. నా మటుకు నాకు ఆ రోజు ఇద్దరూ తమ జీవితంలోనే అత్యుత్తమ టెన్నిస్‌కి దగ్గరగా ఆడారు. ఒకడు ఓడాడు, అంతే.

ప్రశ్నలు ఉంటే అడగండి. అమ్మా, మీరు చెప్పండి.

(సభలోంచి ఒకరు: ఇంతసేపూ మగవాళ్ల ఐదు సెట్ల గురించే ఎక్కువ చెప్పారు. ఆడవాళ్ల మూడు సెట్ల ఆటలో ఫామ్ ఇంకా తొందరగా తెలిసిపోతుంది కదా?)

మంచి ప్రశ్న. తెలిసిపోతుందని అనిపిస్తుంది, కానీ నాకైతే తొందరగా మారిపోతుందనిపిస్తుంది. కోలుకోవడానికి సమయం తక్కువ కదా. 2024లో స్వియాటెక్ రెండో రౌండ్‌లోనే ఒసాక మీద మూడో సెట్‌లో మ్యాచ్ పాయింట్ ఎదుర్కొంది. ఆ రోజు అడిగితే డిఫెండింగ్ ఛాంపియన్ పని అయిపోయిందనేవాళ్లు. నాలుగో రౌండ్ 6-0, 6-0. క్వార్టర్స్ 6-0, 6-2. ఫైనల్ పావొలినీ మీద 6-2, 6-1. ఒసాకలా ఫ్లాట్‌గా, ముందే అందుకుని కొట్టేవాళ్లు ఆ తర్వాత ఆమెకి ఎదురవలేదు. నా ఉద్దేశంలో స్వియాటెక్ ఆట అంతగా మారలేదు, ఎదురుగా ఉన్నవాళ్లు మారారు.

2025 ఇంకా రుచిగా ఉంటుంది. సెమీస్‌లో సబలెంక స్వియాటెక్‌ని ఓడించింది, మూడో సెట్ 6-0. పారిస్‌లో స్వియాటెక్ వరసగా గెలుస్తున్న 26 మ్యాచ్‌ల పరుగు అక్కడ ఆగింది. ఇక ఫైనల్ లాంఛనమే అనుకున్నారు చాలామంది. ఫైనల్ రోజు గాలి. సబలెంక 70 అనవసర తప్పులు చేసింది, కోకో గాఫ్ 6-7, 6-2, 6-4తో గెలిచింది. మ్యాచ్ అయ్యాక సబలెంక ఏమందంటే, ఆ ఫైనల్లో స్వియాటెక్ ఉండి ఉంటే ఆమే గెలిచేదని. మనలాంటి అభిమానుల వాదన, ప్రపంచ నంబర్ వన్ నోట! దాని మీద గొడవ అయింది, తర్వాత ఆమె సర్దుకుంది.

నేనైతే గాఫ్ వైపు నుంచి చూస్తాను. గాలిలో లైన్ల జోలికి పోకుండా, ఎంత దూరం బంతినైనా పరిగెత్తి అందుకుని, ప్రతిసారీ ఇంకొక్క బంతి కొట్టాల్సి వచ్చేలా చేసింది. ఆ 70 తప్పుల్లో గాఫ్ కాళ్ల వాటా ఎంతో ఏ స్కోరు బోర్డూ చూపించదు. స్వియాటెక్ ఉంటే గెలిచేదా అంటే, నెల ముందే మాడ్రిడ్ సెమీస్‌లో గాఫ్ ఆమెని 6-1, 6-1తో ఓడించిందని గాఫ్ వాళ్లు అంటారు. సబలెంక వాళ్లు ఊరుకోరు, అదే మాడ్రిడ్ ఫైనల్లో గాఫ్‌ని సబలెంక వరస సెట్లలో ఓడించింది కదా అంటారు. మాడ్రిడ్ సంగతి ఇందాకే చెప్పాను. (నవ్వులు) మీరు మళ్లీ 650 మీటర్లు ఎక్కుతానంటే నాకేం అభ్యంతరం లేదు. వెనకాల ఇంకెవరో చెయ్యి ఎత్తారు, మైకు వారికి ఇవ్వండి.